మ్యుటేషన్ అబ్జర్వర్ రివ్యూ: కర్నూలు ఉల్లి మండీ పేజీలో వాడి చూశాక

ముందే చెప్పేస్తా. మీ వెబ్ పేజీలో వేరేవాళ్ల కోడ్ కొత్త ఎలిమెంట్లు (వరుస, బటన్ లాంటి పేజీ భాగాలు) చేరుస్తూ ఉంటే, అవి చేరిన వెంటనే వాటి మీద మీ జావాస్క్రిప్ట్ నడపడానికి మ్యుటేషన్ అబ్జర్వర్‌ను మించింది బ్రౌజర్‌లో ఇంకోటి లేదు. అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, ఎందుకంటే సరిగ్గా అక్కడే చాలామంది చిక్కుకుని, ఇది పనిచేయదని వదిలేసి మళ్లీ టైమర్ల దగ్గరికే పోతున్నారు. ఇంకో మాట: ఆ ఎలిమెంట్లను చేర్చేది మీరు రాసిన కోడే అయితే మీకు ఇది అక్కర్లేదు. ఆ సంగతి కూడా కింద ఉంది.

దీనికి పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేసుకునేదీ లేదు, బ్రౌజర్‌తో పాటే వస్తుంది. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో 2012 నుంచీ ఉంది. సఫారీ, ఎడ్జ్‌లలో ఉంది, చివరికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11లో కూడా ఉండేది. పాత ఫోన్లో నడుస్తుందా అనే టెన్షన్ పెట్టుకోవద్దు.

నేను వాడింది ఒక కమీషన్ మండీ పేజీలో. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ సీజన్ ఎట్లుంటుందో ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు వైపు నుంచి సరుకు దిగుతూనే ఉంటుంది. ఈ మండీ వాళ్లకు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ బయటి కంపెనీ ఒకటి ఇచ్చింది. ఆ కంపెనీ స్క్రిప్టే మండీ పేజీలో లాట్ల పట్టిక గీస్తుంది: లాట్ నంబరు, బస్తాలు, క్వింటాల్ రేటు. లాట్ నమోదు కాగానే పట్టికలో కొత్త వరుస దానంతటదే వచ్చి పడుతుంది. ఆ స్క్రిప్టును మనం ముట్టుకోలేము. మండీ ఆయనకు కావలసింది రెండే. ప్రతి వరుసలో క్వింటాల్ రేటు పక్కన 50 కిలోల బస్తా రేటు కనపడాలి, వరుస చివర ఒక వాట్సాప్ బటన్ ఉండాలి, అది నొక్కితే ఆ లాట్ వివరం ఊర్లో ఉన్న రైతుకు పోవాలి.

అంతకు ముందు ఎవరో రాసిపెట్టిన కోడ్ పేజీ తెరిచినప్పుడు ఉన్న వరుసలకు బటన్లు పెట్టేసి ఊరుకునేది. ఆయన నాతో అన్నమాట ఇది: "ఏమప్పా, పొద్దున ఉన్న లాట్లకు బటన్ ఉంది, ఇప్పుడు దిగినోటికి లేదే? రిఫ్రెష్ కొడితే వస్తాది, మళ్లీ కొత్తది దిగితే మళ్లీ లేదు. రైతు పక్కనే నిలబడుకోని ఉంటాడు, నేను ఎన్నిసార్లని కొట్టాల?" జావాస్క్రిప్ట్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే సమస్యే, ఆయన మాటల్లో. క్వెరీసెలెక్టర్‌ఆల్ అని పిలిస్తే ఆ క్షణానికి పేజీలో ఏమున్నాయో వాటి జాబితా చేతికిస్తుంది. అంతే. ఆ జాబితా తర్వాత పెరగదు. రెండు నిమిషాల తర్వాత పుట్టిన వరుస అందులో ఉండదు కాబట్టి దానికి బటనూ ఉండదు, క్లిక్ లిజనరూ (నొక్కితే నడిచే కోడ్) ఉండదు. ఎర్రర్ కూడా రాదు, అందుకే కొత్తవాళ్లు కన్సోల్ తెరిచి చూసి, అక్కడేమీ లేక గంటలు గంటలు తలకొట్టుకుంటారు.

దీనికి జనం వాడే పాత మార్గాలు కొన్ని ఉన్నాయి, అవి ఎందుకు చాలవో చెప్తాను.

మొదటిది టైమర్. సెట్‌ఇంటర్వల్ పెట్టి అర సెకనుకొకసారి పట్టిక మొత్తం వెతికి, బటన్ లేని వరుసకు బటన్ తగిలించడం. పని అవుతుంది, కాదనను. కానీ కొత్త వరుస వచ్చాక అర సెకను దాకా బటన్ లేకుండా కనపడి, తర్వాత ఉన్నట్టుండి బటన్ దూరి, వేలు పెట్టబోయిన చోటు జరిగిపోతుంది. లాట్లు రాని మధ్యాహ్నం పూట కూడా ఆ వెతుకులాట ఆగదు. ఈ పేజీ చూసేవాళ్లలో సగం మంది ఏడెనిమిది వేల ఫోన్లు వాడే రైతులు. వాళ్ల బ్యాటరీ ఊరికే తినేసే కోడ్ రాయడం నాకు మనసొప్పదు.

రెండోది జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. 2009 జనవరిలో వచ్చిన 1.3 వెర్షన్‌లో లైవ్ అనే పద్ధతి వచ్చింది, తర్వాత 1.4.2లో డెలిగేట్, 2011లో 1.7తో పాటు ఆన్ వచ్చి ఆ రెండింటి పనీ తీసుకుంది. లైవ్‌ను 2013లో 1.9 వెర్షన్‌లో తీసేశారు. ఇప్పటికీ పాత పాఠాలు చూసి లైవ్ రాసి "ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని ఎర్రర్ తెచ్చుకునేవాళ్లున్నారు. అసలు తికమక వేరే ఉంది. లైవ్ గానీ ఆన్ గానీ కొత్త ఎలిమెంట్ మీద క్లిక్ జరిగితే చెప్తాయి, ఎలిమెంట్ వచ్చి చేరింది అని మాత్రం చెప్పవు. లోడ్ ఈవెంట్ పెట్టి వరుస కోసం కాచుకుంటే అది ఎప్పటికీ రాదు, ఎందుకంటే లోడ్ అనేది ఇమేజ్, స్క్రిప్ట్, ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన ఇంకో పేజీ) లాంటి బయటి నుంచి తెచ్చుకునేవాటికే ఉంటుంది, పట్టిక వరుసకో డివ్‌కో ఉండదు. మండీ పేజీలో వరుస చేరిన క్షణానే, ఎవరూ ఏమీ నొక్కకముందే, బస్తా రేటు లెక్కగట్టి చూపించాలి. అది వీటితో కాదు.

మూడోది మ్యుటేషన్ ఈవెంట్స్. డామ్‌నోడ్‌ఇన్‌సర్టెడ్ అనే పేరు పాత కోడ్‌లలో చూసే ఉంటారు. 2000లో డామ్ (పేజీని ఎలిమెంట్ల చెట్టుగా చూపే ప్రమాణం) లెవెల్ 2తో వచ్చిన సంగతి ఇది. ఆలోచన మంచిదే, కానీ ఒక్కో ఎలిమెంట్ చేరిన ప్రతిసారీ, చేరుస్తున్న పని మధ్యలోనే ఆగి, ఈవెంట్ నడిపేది. వంద వరుసలు చేరిస్తే వంద సార్లు. పేజీ మొత్తం నెమ్మదించిపోయేది. దాన్ని వాడొద్దని ఏళ్లుగా చెప్పి చెప్పి, 2024లో క్రోమ్ 127 నుంచి పూర్తిగా తీసేశారు.

మ్యుటేషన్ అబ్జర్వర్ వచ్చింది దీని బదులుగానే. దాని పద్ధతి నాకు ఎందుకు నచ్చిందంటే, అది పని మధ్యలో చొరబడదు. పేజీలో జరిగిన మార్పులన్నీ రికార్డులుగా రాసుకుంటూ పోతుంది, అప్పుడు నడుస్తున్న స్క్రిప్ట్ పని ముగించగానే ఆ రికార్డులన్నీ ఒకే కట్టగా మన ఫంక్షన్‌కు అందిస్తుంది. అది కూడా బ్రౌజర్ తెర మీద కొత్తగా గీసేలోపే. దీని ఫలితం కళ్లారా చూడాలి: కొత్త లాట్ తెర మీదికి రావడమే వాట్సాప్ బటన్‌తో, బస్తా రేటుతో వస్తుంది. మధ్యలో ఖాళీ వరుస మెరిసి మాయమవడం ఉండదు. మండీ ఆయన చూసి, ఆ కంపెనీవాళ్లే బటన్ పెట్టి ఇచ్చారా అని అడిగాడు. అంతకంటే మెచ్చుకోలు ఇంకేం కావాలి.

పెట్టడం కూడా సులభమే. న్యూ మ్యుటేషన్‌అబ్జర్వర్ అని ఒక ఫంక్షన్ ఇచ్చి తయారు చేసుకుంటాం, తర్వాత అబ్జర్వ్ అని పిలిచి ఏ ఎలిమెంట్‌ను చూడాలో, ఏ రకం మార్పులు చూడాలో చెప్తాం. మనకు కావలసినవి రెండు: చైల్డ్‌లిస్ట్ ట్రూ, అంటే పిల్లలు చేరినా పోయినా చెప్పు అని, సబ్‌ట్రీ ట్రూ, అంటే నేరుగా ఉన్న పిల్లలే కాదు లోపల ఎంత లోతున ఉన్నా చెప్పు అని. సబ్‌ట్రీ ఒక్కటే పెట్టి చైల్డ్‌లిస్ట్ మరిచిపోతే టైప్‌ఎర్రర్ వస్తుంది, చైల్డ్‌లిస్ట్, ఆట్రిబ్యూట్స్, క్యారెక్టర్‌డేటా మూడింట్లో కనీసం ఒకటి ఉండి తీరాలి. ఇది ఎర్రర్ రూపంలో కనపడుతుంది కాబట్టి పర్వాలేదు. అసలు కష్టాలు ఎర్రర్ రానివి.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు దగ్గరికి వద్దాం.

అబ్జర్వ్ పిలిచిన క్షణం నుంచి జరిగినవే అది చెప్తుంది, అంతకుముందే ఉన్న వరుసల గురించి మాట్లాడదు. కాబట్టి మొదట ఉన్నవాటి మీద మన ఫంక్షన్ ఒకసారి నడిపి, దాంతోపాటే అబ్జర్వర్ మొదలుపెట్టాలి. ఇది చాలా వివరణల్లో రాయరు, రాసినా ఒక మూలన రాస్తారు.

రికార్డులో యాడెడ్‌నోడ్స్ అని ఒక జాబితా వస్తుంది. అందులో ఎలిమెంట్లే కాదు, ట్యాగుల మధ్య ఉండే ఖాళీ జాగా కూడా టెక్స్ట్ నోడ్‌గా వస్తుంది. దాని మీద మ్యాచెస్ (ఇది మనకు కావలసిన ఎలిమెంటేనా అని చూసే ఫంక్షన్) పిలిస్తే అలాంటి ఫంక్షనే లేదని ఎర్రర్ ఇచ్చి, మిగతా రికార్డులు చూడకుండానే మన ఫంక్షన్ ఆగిపోతుంది. నోడ్‌టైప్ 1, అంటే ఎలిమెంట్, అవునా కాదా చూసుకుని ముందుకు పోవాలి.

ఆ జాబితాలోనే ఇంకో తంటా ఉంది, నన్నడిగితే దీనికే అర మార్కు పోతుంది. వేరే కోడ్ ఒక పెద్ద ముక్కను ఒకేసారి చేరిస్తే, జాబితాలో ఆ ముక్క తల మాత్రమే వస్తుంది, దాని లోపల ఉన్నవి విడివిడిగా రావు. మండీ పట్టికలో మామూలుగా ఒక్కొక్క వరుసే చేరుతుంది, అప్పుడు చేరిన నోడ్ వరుసేనా అని మ్యాచెస్‌తో చూస్తే చాలు. కానీ తేదీ మార్చి నిన్నటి లాట్లు చూపించమంటే, ఆ స్క్రిప్ట్ పట్టిక ఒళ్లు మొత్తం, అంటే టీబాడీ ట్యాగునే, తీసేసి కొత్తది పెడుతుంది. అప్పుడు జాబితాలో ఉండేది టీబాడీ ఒక్కటే. వరుసలన్నీ దాని కడుపులో ఉంటాయి. మ్యాచెస్ "కాదు" అంటుంది, ఒక్క బటన్ కూడా రాదు. అందుకే చేరిన నోడ్‌ను మ్యాచెస్‌తో చూడాలి, దానితోపాటు దాని లోపల క్వెరీసెలెక్టర్‌ఆల్‌తో కూడా వెతకాలి. రెండూ చేయాలి, ఒకటి చేస్తే ఒక రోజు పనిచేసి ఇంకో రోజు పనిచేయదు, అలాంటి తప్పును పట్టుకోవడం నరకం.

తర్వాతది అన్నిటికంటే ప్రమాదం: మన మార్పులను కూడా అది మార్పులుగానే చూస్తుంది. వరుసలో మనం బటన్ చేరిస్తే, బటన్ చేరింది అని మళ్లీ మన ఫంక్షన్‌నే పిలుస్తుంది. అడ్డు లేకపోతే బటన్ మీద బటన్ పెడుతూ పోతుంది, అదీ తెర గీసే అవకాశం కూడా బ్రౌజర్‌కు ఇవ్వకుండా. పేజీ బిగుసుకుపోతుంది, ట్యాబ్ మూసేయడమే గతి. చాలామంది దీనికి ప్రతి వరుసకూ "అయిపోయింది" అని గుర్తు పెట్టుకోమంటారు, డేటా ఆట్రిబ్యూట్ రూపంలోనో, వీక్‌సెట్‌లోనో. నేను ఆ పద్ధతి సిఫారసు చేయను. ఎందుకంటే అవతలి స్క్రిప్ట్ రేటు సవరించినప్పుడు అదే వరుస లోపలి సరుకంతా తుడిచి కొత్తగా రాయవచ్చు. వరుస పాతదే, గుర్తు అట్లే ఉంది, లోపల మన బటన్ మాత్రం పోయింది, మళ్లీ ఎప్పటికీ రాదు. దానికంటే "ఈ వరుసలో మన బటన్ ఉందా లేదా" అని నేరుగా చూసి, లేకపోతేనే పెట్టడం మేలు. పట్టికను రేటు ప్రకారం సర్దినప్పుడు వరుసలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతాయి, అబ్జర్వర్ దాన్ని తీసేయడం ఒకటి, చేర్చడం ఒకటి అని చెప్తుంది. అప్పుడు కూడా ఈ చూపు చాలు, బటన్ ఉంది కాబట్టి ఊరుకుంటాం.

బస్తా రేటు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రేటు గడిలో అంకె మారినప్పుడు అవతలి కోడ్ టెక్స్ట్‌కంటెంట్ వాడితే, పాత టెక్స్ట్ నోడ్ పోయి కొత్తది వస్తుంది, అంటే అది చైల్డ్‌లిస్ట్ మార్పే. రికార్డులో చేరిన నోడ్ టెక్స్ట్ మాత్రమే, వరుస కాదు. పైన నోడ్‌టైప్ 1 కానివి వదిలేయమన్నాను కదా, ఆ దెబ్బకు ఈ మార్పు కూడా వదిలిపోతుంది. అందుకే రికార్డులో టార్గెట్ ఏదో చూసి, అక్కడి నుంచి క్లోజెస్ట్‌తో పైకి పోయి వరుసను పట్టుకుని, లెక్క మళ్లీ కట్టాలి. అదే అవతలి కోడ్ ఉన్న టెక్స్ట్ నోడ్‌లోనే అక్షరాలు మారిస్తే అది క్యారెక్టర్‌డేటా కిందికి వస్తుంది, ఆ ఆప్షన్ కూడా పెట్టుకోవాలి. లెక్క కట్టాక రాసే ముందు, గడిలో ఇప్పటికే అదే అంకె ఉందేమో చూడాలి. ఉన్న అంకెనే మళ్లీ రాసినా కొన్ని బ్రౌజర్లలో టెక్స్ట్‌కంటెంట్ నోడ్‌ను మార్చేస్తుంది, అది మళ్లీ ఒక రికార్డు, మళ్లీ పిలుపు, మళ్లీ రాయడం, మళ్లీ అదే బిగుసుకుపోవడం.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, రేటు "1,850" అని కామాతో ఉంటే పార్స్‌ఫ్లోట్ కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది. అందులో సగం కట్టి బస్తా 50 పైసలు అని చూపిస్తుంది పేజీ. రైతు చూసే పేజీలో అట్లాంటి అంకె పడితే ఎంత గొడవో ఆలోచించండి. కామా తీసేసి లెక్క కట్టండి, చూపించేటప్పుడు టూలోకేల్‌స్ట్రింగ్‌కు మన దేశం పద్ధతి చెప్తే లక్షల దగ్గర కామా సరిగ్గా పడుతుంది.

ఏ ఎలిమెంట్‌ను చూడాలి అన్నది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. డాక్యుమెంట్ మొత్తం మీద పెట్టేస్తే పని అవుతుంది కానీ పేజీలో ఎక్కడ ఏం కదిలినా పిలుపు వస్తుంది, పైన తిరిగే ప్రకటన మారినా సరే. అలాగని మరీ లోపలి ఎలిమెంట్ మీద పెట్టినా ప్రమాదమే. ఇందాక చెప్పిన టీబాడీ మీదే పెట్టామనుకోండి, అవతలి స్క్రిప్ట్ దాన్ని తీసి పారేసి కొత్తది పెడితే, మన అబ్జర్వర్ పేజీలో లేని ఆ పాత టీబాడీనే చూస్తూ కూర్చుంటుంది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు, నిశ్శబ్దం. పట్టిక చుట్టూ ఎప్పటికీ మారని డివ్ ఏదో చూసుకుని దాని మీద పెట్టాలి. స్క్రిప్ట్‌ను హెడ్ భాగంలో పెట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి, అప్పటికి బాడీయే పుట్టి ఉండదు. స్క్రిప్ట్ ట్యాగులో డిఫర్ (పేజీ చదివాకే స్క్రిప్ట్ నడపమనే మాట) పెట్టుకుంటే ఆ బాధ తీరుతుంది.

ఆట్రిబ్యూట్స్ మార్పులు అవసరం లేకపోతే పెట్టొద్దు. అవసరమైతే ఆట్రిబ్యూట్‌ఫిల్టర్‌లో ఏ ఆట్రిబ్యూటో పేరు చెప్పండి, లేకపోతే క్లాసులు, స్టైళ్లు మారిన ప్రతిసారీ పిలుపే. పని ముగిశాక డిస్‌కనెక్ట్ పిలవండి, ముఖ్యంగా ఒక్క ఎలిమెంట్ కోసం మాత్రమే కాచుకుంటున్నప్పుడు. అది దొరకగానే ఆపేయాలి.

ఇది అసలు చూడలేని చోట్లు కొన్ని ఉన్నాయి, కొనేముందు తెలుసుకోవలసిన సంగతుల్లాంటివి ఇవి. వేరే సైటు ఐఫ్రేమ్ లోపల జరిగేది కనపడదు. అవతలివాళ్లు పట్టికను ఐఫ్రేమ్‌లో ఇచ్చి ఉంటే ఈ రివ్యూ మీకు పనికిరాదు, ఆ కంపెనీతోనే మాట్లాడుకోవాలి. షాడో డామ్ (ఒక ఎలిమెంట్ లోపల విడిగా ఉండే చెట్టు) లోపలికి సబ్‌ట్రీ పోదు, ఆ షాడో రూట్ మీద విడిగా అబ్జర్వ్ పిలవాలి, అదీ అది ఓపెన్‌గా ఉంటేనే. ఇన్‌పుట్ పెట్టెలో మనిషి టైప్ చేసింది దీనికి మార్పు కాదు, దానికి ఇన్‌పుట్ ఈవెంట్ ఉంది. ఎలిమెంట్ సైజు మారితే రీసైజ్ అబ్జర్వర్, తెర మీదికి వచ్చిందా అని చూడాలంటే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ వేరే ఉన్నాయి. రియాక్ట్‌ అనే లైబ్రరీతో గీసిన పేజీలో మన ఎలిమెంట్లు దూర్చేటప్పుడు మరీ జాగ్రత్త. తాను పెట్టిన నోడ్లు తాను పెట్టిన చోటే ఉంటాయని రియాక్ట్ నమ్ముతుంది, వాటిని మనం జరిపినా, ఇంకో ట్యాగులో చుట్టినా, తర్వాత అది తీసేయబోయినప్పుడు ఎర్రర్ వచ్చి ఆ భాగం మొత్తం ఖాళీ అయిపోవచ్చు. చివర్లో ఒక బటన్ అదనంగా చేర్చడం వరకు సరే, దాని సరుకును కదిలించొద్దు.

ఇక వాట్సాప్ బటన్ నొక్కితే జరగాల్సిన పని. ప్రతి బటన్‌కూ విడిగా క్లిక్ లిజనర్ తగిలించనక్కర్లేదు, తగిలించకూడదు అని కూడా అంటాను. పట్టిక చుట్టూ ఉన్న డివ్‌కు ఒకే ఒక్క లిజనర్ పెట్టండి. క్లిక్ ఎక్కడ జరిగినా పైకి పాకుకుంటూ ఆ డివ్ దాకా వస్తుంది, అక్కడ ఈవెంట్ టార్గెట్ నుంచి క్లోజెస్ట్‌తో చూస్తే అది మన బటనేనా, ఏ వరుసది అని తెలిసిపోతుంది. యార్డు గేటు దగ్గర ఒక్క మనిషి కూర్చుని వచ్చే ప్రతి బండికీ చీటీ రాసినట్టు, ఈ రోజు ఏ బండ్లు వస్తాయో అతనికి ముందే తెలియాల్సిన పని లేదు. ఉన్న వరుసలైనా, రేపు పుట్టబోయే వరుసలైనా ఒకటే కోడ్. టార్గెట్‌నే నేరుగా చూసి ఊరుకోవద్దు, బటన్ లోపల వాట్సాప్ బొమ్మ ఉంటే క్లిక్ టార్గెట్ ఆ బొమ్మ అవుతుంది, బటన్ కాదు. క్లోజెస్ట్ అందుకే. ఫోకస్, బ్లర్, మౌస్‌ఎంటర్ పైకి పాకవు, వాటికి బదులు ఫోకస్‌ఇన్, ఫోకస్‌అవుట్, మౌస్‌ఓవర్ వాడాలి. మధ్యలో ఎవరైనా స్టాప్‌ప్రొపగేషన్ పిలిచి ఉంటే క్లిక్ మన దాకా రాదు, అప్పుడు లిజనర్‌ను క్యాప్చర్ దశలో (క్లిక్ పైనుంచి కిందికి దిగే దశ) పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతాం.

మీ సమస్య కేవలం క్లిక్ అయితే ఇంతటితో అయిపోయింది, అబ్జర్వర్ జోలికే పోవద్దు. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టు కోసం అడిగేది దాదాపుగా ఇదే: "అన్నా, యాడ్ అని నొక్కితే కొత్త వరుస వస్తుంది, దాంట్లో డిలీట్ బటన్ పనిచేయదు." అక్కడ వరుసను చేర్చేది వాళ్ల కోడే. చేర్చిన లైను కిందే, ఆ వరుసకు చేయాల్సినదంతా చేసే ఫంక్షన్‌ను పిలిస్తే సరి. వాళ్ల కోడ్‌లో మరీ తరచుగా కనపడేది ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు ప్లస్ ఈక్వల్ పెట్టి వరుస అతికించడం. అది చూడ్డానికి ఒక వరుస చేర్చినట్టే ఉంటుంది కానీ, నిజానికి లోపలున్న పాత వరుసలన్నీ కూల్చి మళ్లీ కట్టిస్తుంది. అప్పటిదాకా పనిచేస్తున్న పాత వరుసల లిజనర్లు కూడా పోతాయి, పెట్టెల్లో టైప్ చేసింది కూడా పోతుంది. ఇన్సర్ట్ అడ్జసెంట్ హెచ్‌టీఎంఎల్ గానీ, క్రియేట్‌ఎలిమెంట్, అపెండ్ గానీ వాడితే పాతవి కదలవు. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పెట్టిన స్క్రిప్ట్ ట్యాగు నడవదు, ఇది కూడా చాలామందిని ఏడిపిస్తుంది. క్రియేట్‌ఎలిమెంట్‌తో స్క్రిప్ట్ ఎలిమెంట్ చేసి చేరిస్తే నడుస్తుంది.

పెద్ద పేజీ, అంతా మీ చేతిలోనే ఉంది, ఎక్కడెక్కడి నుంచో ఎలిమెంట్లు చేరుతున్నాయి అనుకుంటే కస్టమ్ ఎలిమెంట్లు చూడండి. పేరులో హైఫన్ ఉండేలా సొంత ట్యాగు ఒకటి నమోదు చేసుకుంటే, అది పేజీలో ఎవరు ఎప్పుడు చేర్చినా కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ అనే ఫంక్షన్‌ను బ్రౌజరే పిలుస్తుంది. చాలా శుభ్రమైన పద్ధతి. జరిపిన ప్రతిసారీ మళ్లీ పిలుస్తుంది, అది ఒక్కటి గుర్తుంచుకోవాలి.

వేగం గురించి అడిగేవాళ్లకు: మండీ పేజీలో పొద్దున్నే పాత లాట్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డప్పుడు కూడా తక్కువ రకం ఫోన్లో పేజీ తడబడలేదు, స్క్రోల్ ఆగలేదు. అవతలివాళ్లు వరుసలన్నీ ఒక ఫ్రాగ్మెంట్‌లో (తాత్కాలిక మూటలో) కట్టి చేరుస్తారు కాబట్టి వాటన్నిటికీ వచ్చేది ఒకే రికార్డు. లాట్లు లేనప్పుడు మన కోడ్ అసలు నడవదు. టైమర్‌కు, దీనికి మధ్య ఉన్న అసలు తేడా నాకు అక్కడే తెలిసింది.

మీరు ఏదైనా పాత సైటు చూసుకుంటూ ఉంటే, ముఖ్యంగా ఎప్పుడో ఎవరో కట్టిచ్చిన బిల్లింగ్ పేజీ, స్కూలు ఫీజుల పేజీ లాంటివి, ఈ వారమే ఫైళ్లన్నింట్లో డామ్‌నోడ్‌ఇన్‌సర్టెడ్, డామ్‌సబ్‌ట్రీమోడిఫైడ్ అనే రెండు పేర్లు వెతకండి. లైబ్రరీల లోపల కూడా వెతకండి, ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి. క్రోమ్ 127 నుంచి ఆ లైన్లు ఎర్రర్ ఇవ్వవు, ఊరికే ఉంటాయి, వాటి మీద ఆధారపడిన బటన్ మాత్రం రాదు. దొరికితే ఆ చోట చైల్డ్‌లిస్ట్, సబ్‌ట్రీ రెండూ పెట్టి అబ్జర్వర్ వేసి, కొత్త వరుస ఒకటి, టీబాడీ మొత్తం మార్చడం ఒకటి, వరుసలను సర్దడం ఒకటి, రేటు సవరించడం ఒకటి, ఈ నాలుగూ చేసి చూశాకే సైటు వాళ్లకు అప్పజెప్పండి.